మూడూళ్ల పేజీలో సంగటి గొడవ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. పుంగనూరులో కంప్యూటరు తెలిసిన తెలుగు మాస్టారిని నేనొక్కడినేనన్నది మొదటిది. పిల్లలకు చెప్పే నీతులు మాస్టార్లకు వర్తించవన్నది రెండోది. మొదటిది కొంతవరకు నిజమే (మా బడిలో ఉన్న ఇంకో తెలుగు మాస్టారికి మౌసు పట్టుకుంటే చెయ్యి వణికేది). రెండోది ఎంత అబద్ధమో తెలియడానికి ఒక టర్ము కూడా పట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయిన కాలం. నాకు ఇరవై నాలుగేళ్లు, ఒక ప్రైవేటు హైస్కూల్లో కొత్తగా చేరాను. మదనపల్లెలో ట్రైనింగుకు పంపితే, అక్కడొకాయన ఇంటర్నెట్టులో అందరూ కలిసి రాసుకునే పేజీ ఒకటి చూపించాడు. దాన్ని వికీ అంటారట. ఒకరు రాసింది ఇంకొకరు దిద్దవచ్చు, చేర్చవచ్చు, తుడిపేయనూవచ్చు. ఆ ఉత్సాహంలో నేనూ, కుప్పం నుంచి వచ్చిన ఒక మేడమూ, మదనపల్లె సారొకరూ ఒక ఒప్పందానికొచ్చాం. మూడూళ్ల తొమ్మిదో తరగతి పిల్లలు తమ ఇళ్లలో వాడే మాటల్ని ఒకే పేజీలో అర్థాలతో రాయాలి.

పిల్లలు హుషారుగా రాశారు. గొడవ రాగిపిండితో కెలికే తిండి దగ్గర మొదలైంది. మా లీడరమ్మ (క్లాసు లీడరు కాబట్టి ఆ పిల్లను అందరం అలాగే పిలిచేవాళ్లం) ‘సంగటి’ అని రాసింది. మర్నాడు కుప్పం పిల్లలు దాన్ని తుడిపి ‘ముద్ద’ అని పెట్టారు. మావాళ్లు మళ్లీ సంగటి చేశారు, వాళ్లు మళ్లీ ముద్ద చేశారు. మదనపల్లె పిల్లలు పరీక్షల్లో మునిగి ఉండి మా సాయానికి రాలేదు. “ఎదుటివాళ్ల మాటను గౌరవించాలి, కొట్టేయకూడదు” అని క్లాసులో అరగంట ఉపన్యాసమిచ్చాను. లోపల మాత్రం ఉడికిపోతున్నాను.

ఆ బుధవారం పంటినొప్పికి సెలవు పెట్టి మదనపల్లె వెళ్లాను. డాక్టరు గంట ఆగమంటే పక్కనున్న నెట్ సెంటరులో కూర్చుని పేజీ తెరిచాను. మళ్లీ ముద్ద! నా పేరుతో తుడిపితే కుప్పం మేడమ్ ఏమనుకుంటుంది? పిల్లల పాస్‌వర్డులన్నీ నా డైరీలోనే ఉన్నాయి. లీడరమ్మ పేరుతో లోపలికి దూరి, ముద్దను లేపేసి, సంగటిని నిలబెట్టి, ఊరికి ఏదో మేలు చేసినవాడిలా బయటికొచ్చాను. (పేజీ పైన ‘హిస్టరీ’ అని ఒక బటను ఉండేది. అది సోషల్ సార్లకు సంబంధించిందనుకున్నాను. ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు ఏం మార్చారో అంతా అందులో పడుతుందని నాకేం తెలుసు?)

శుక్రవారం హెడ్‌మాస్టరు పిలిచాడు. మీ పాప బుధవారం పదకొండు గంటలకు, బడి జరిగే వేళ, మా పిల్లల మాట తుడిపేసిందని కుప్పం మేడమ్ ఫోను చేసిందట. బడిలో ఉన్న ఒకే కంప్యూటరు హెడ్‌మాస్టరు గదిలోది. దాన్ని ఆ రోజు ఎవరూ ముట్టలేదు. అంటే హాజరు వేయించుకుని పిల్ల నెట్ సెంటరుకు పోయిందని ఆయన లెక్క. నేను వెళ్లేసరికి లీడరమ్మ తలవంచుకుని నిలబడి ఉంది. పక్కన వాళ్ల నాయన, కాళ్లకు పొలం మట్టితోనే వచ్చేశాడు.

“మా పాప అట్ల పోయే పిల్ల కాదు సార్,” అన్నాడాయన. “పోయిండాదంటే మాత్రం రేపట్నించి బడి మానిపిస్తాను.”

హెడ్‌మాస్టరు పేజీ తెరిచి, “ఇదేందమ్మా మరి?” అన్నాడు. లీడరమ్మ తలెత్తి చూసింది.

“ఇది నేను రాసిండేది కాదు సార్. సూడండి, సంగటికి ‘ఘ’ పెట్టుండారు. నేను యాల పెడతాను?”

తొంగి చూశాను. నిజమే. తొందరలో ‘సంఘటి’ అని కొట్టాను. తెలుగు మాస్టారిని!

“నేనే సార్ రాసింది,” అన్నాను. “ఏందీ?” అన్నాడు హెడ్‌మాస్టరు. ఈసారి గట్టిగా, “ఆ పాప క్లాసులోనే ఉండింది. మదనపల్లె నుంచి తన పేరుతో నేనే మార్చాను,” అన్నాను.

“నువ్వాప్పా?” అని హెడ్‌మాస్టరు కళ్లద్దాలు తీసేశాడు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. వాళ్ల నాయన నన్ను ఎగాదిగా చూసి, “ముద్దని రాసిండేది ఎవురు సార్?” అనడిగాడు. కుప్పం పిల్లలని చెప్పాను. “అట్లయితే తుడిపేది న్యాయమే. మజ్జెన మా పాప పేరెందుకప్పా?”

“తప్పయింది తల్లీ,” అన్నాను. లీడరమ్మ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది. “పాస్‌వర్డు మార్చుకుంటాను సార్. అట్ల తిరుక్కోండి.” నేను గోడవైపు తిరిగాను. మర్యాద కోసం హెడ్‌మాస్టరూ తిరిగాడు, ఏం జరుగుతోందో తెలియకపోయినా వాళ్ల నాయనా తిరిగాడు.

ఆ తర్వాత ఆ పిల్ల, నూకలు వేసి కెలికితే సంగటి, వట్టి పిండితో అయితే ముద్ద, రెండూ ఉండాలి అని రాసింది. కుప్పంవాళ్లు దాన్ని ముట్టుకోలేదు. కింద ఇంకో వాక్యం చేర్చింది: ‘ముందు మార్పు మా సారు చేసినారు. ఒప్పుకున్నారు.’ ఆ సైటు మూతపడేదాకా అది అలాగే ఉంది. తుడిపే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు కొత్త మాస్టార్లు నన్ను చూసి, “సారుకు ఎంత ఓర్పో, దేనికీ గొడవపడరు” అంటుంటారు. నవ్వి ఊరుకుంటాను. ఒక్క మాట కోసం అంతగా ఉడికిపోయిన ఆ కుర్రాడు చేసింది ముమ్మాటికీ తప్పే. అయినా అప్పుడప్పుడు వాడిమీద కాస్త అసూయ కలుగుతుంది.