చదివి పెట్టిన సంతకం

ఆ కొట్టులో కుట్టుమిషను ఎంత ఆడేదో, దర్జీ నోరు అంతకు రెండింతలు ఆడేది. కొలతలు తీసుకుంటూనే మంత్రుల్ని గద్దె దింపేవాడు, కాజాలు కుడుతూనే న్యాయమూర్తులకు బుద్ధి చెప్పేవాడు. ఆ ఏడు కొత్తగా కట్టిన కాలినడక వంతెన కుంగి నలుగురికి కాళ్ళు విరిగాయి. బిల్లు మంజూరు చేసిన కౌన్సిలరు, ఫైలు చదవకుండా సంతకం పెట్టానని తప్పించుకోబోయాడు. దర్జీకి ఆరు నెలల మేత దొరికింది.

"చదవకుండా పెట్టాడట. గుడ్డ కొలవకుండా కత్తెర వేస్తే నన్ను ఊరుకుంటారా మీరు?" అని వచ్చినవాళ్ళనల్లా నిలదీసేవాడు.

డబ్బు దాచుకోవడంలోనూ అతనికి నియమాలున్నాయి. సారా, సిగరెట్ల కంపెనీల్లో పైసా పెట్టడు. రేకు డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో మాత్రం వాటాలు కొన్నాడు. డబ్బాకి పాపమేం అంటుతుందని నలుగురిచేతా కొనిపించాడు కూడా.

ఒకరోజు పొద్దున్నే వెనకవీధి కుర్రాడు నాలుగు చొక్కాలు పట్టుకొచ్చాడు.

"గుండీలు తీసేసి అంటుకునే వెల్క్రో పట్టీలు వెయ్యాలన్నా," అన్నాడు.

ఎందుకని అడిగితే జేబులోంచి కుడిచెయ్యి తీసి చూపించాడు. మూడు వేళ్ళు లేవు. డబ్బాల ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద పడ్డాయట. చెయ్యి లోపలికి పోకుండా ఆపే జాలీ ఎప్పుడో విరిగిందనీ, కొత్తవి వచ్చే ఏడాది వేస్తామన్నారనీ చెప్పాడు.

దర్జీ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. పోయిన వేసవిలో కంపెనీ వాటాదారులకు పంపిన పుస్తకం గుర్తొచ్చింది. అందులో నాలుగో తీర్మానం, కొత్త జాలీలు ఏడాది వాయిదా వేసి ఆ మిగులు వాటాదారులకు పంచుదామని. దానితో వచ్చిన ఓటు కాగితంలో సమ్మతం అన్నచోట టిక్కు పెట్టి, సంతకం చేసి పోస్టులో వేసింది తనే.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని భార్యతో, "చదవకుండా పెట్టేశానే," అన్నాడు.

ఆమె వడ్డిస్తున్న గరిటె ఆపలేదు. "చదివారండీ. నాకు పైకి చదివి వినిపించారు. ఒక్క ఏడాదికి కొంపేం మునుగుతుందిలే అన్నారు."

ఆరు నెలలుగా తిడుతున్న కౌన్సిలరు చెప్పుకున్న సాకు కూడా దర్జీకి లేకుండా పోయింది. కంచం ముందునుంచి లేచిపోయాడు. సాయంత్రానికి వాటాలు అమ్మేద్దామని తేల్చాడు. అమ్మితే ఇంకొకరు కొంటారు, అంతేగా అంది భార్య.

మూడోరోజు చొక్కాలు తనే వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. కుర్రాడు ఒకటి తొడుక్కుని ఎడమచేత్తో ఆసాంతం మూసుకుని మురిసిపోయాడు. దర్జీ కూలి తీసుకోనన్నాడు. ఎందుకని గట్టిగా అడిగితే నేలవైపు చూస్తూ జరిగిందంతా చెప్పేశాడు. మంచినీళ్ళు తెచ్చిన కుర్రాడి తల్లి గ్లాసు అందించకుండానే నిలబడిపోయింది.

కుర్రాడే అడిగాడు. "ఆ పుస్తకం ఉందా మీ దగ్గర?"

జాలీలు బాగానే ఉన్నాయని, అజాగ్రత్త కుర్రాడిదేనని కంపెనీ లేబర్ కోర్టులో వాదిస్తోందట. ఆ పుస్తకం దొరికితే ఆ మాట నిలవదు. కాకపోతే అది అందుకున్నవాళ్ళెవరో వచ్చి సాక్ష్యం చెప్పాలి.

"వెతికి చూస్తాను," అన్నాడు దర్జీ.

వెతకడానికేముంది? అది కొట్టులో రెండో సొరుగులో, కత్తిరింపు అట్టల కింద ఉంది. అయినా ఎనిమిది రోజులు వెతుకుతూనే ఉన్నానన్నాడు. కోర్టులో తన పేరు పిలుస్తారు, ఊరంతా వింటుంది. ఆ ఎనిమిది రోజులూ కొట్టులో రాజకీయం మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదేమోనని అందరూ అనుకున్నారు.

తొమ్మిదోరోజు కుర్రాడి తల్లి కొట్టుకు వచ్చింది. లోపల ముగ్గురు బేరస్థులున్నారు. ఆమె ఏమీ అడగలేదు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. దర్జీ సొరుగు లాగి, పుస్తకం తీసుకుని, కొట్టు భార్యకి అప్పజెప్పి నేరుగా కుర్రాడి లాయరు దగ్గరికి వెళ్ళాడు.

కోర్టులో కంపెనీ లాయరు అతన్నే ఇరుకున పెట్టాలని చూశాడు. "ఈ తీర్మానానికి మీరూ సమ్మతం అన్నారు కదా?"

"అన్నానండి."

"చదవకుండానా?"

వెనక బల్లమీద కొట్టుకొచ్చే పాతమిత్రులిద్దరు కూర్చుని ఉన్నారు.

"చదివే పెట్టానండి," అన్నాడు దర్జీ. గొంతు సగమే వచ్చింది. జడ్జి మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పాడు.

కుర్రాడికి పరిహారం వచ్చింది. రెండు నెలల్లో అన్ని ప్రెస్సులకూ కొత్త జాలీలు బిగించాలని తీర్పు. ఊళ్ళో దర్జీ పేరు మారుమోగింది, పెద్ద కంపెనీకి ఎదురు నిలిచాడని. అదే అతనికి మింగుడు పడలేదు. ఒకరోజు పాతమిత్రుడు కొత్తగా వచ్చిన బేరానికి ఈ కథ గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు. దర్జీ దారం ఉండ తెస్తానని లోపలి గదిలోకి వెళ్ళాడు. ఆ మనిషి కొలతలు ఇవ్వకుండానే విసిగి వెళ్ళిపోయేదాకా బయటికి రాలేదు.