ఫిబ్రవరి ముప్ఫై నాటి క్లోరిన్

కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంచి, చెప్పులు గుమ్మం బయట విడిచి దాని ముందు కూర్చునే రోజులవి. అంకె అన్నది కాగితం మీద కుదురుగా కనబడితే చాలు, అది నిజమేనని అప్పట్లో మా తరమంతా నమ్మేది. తరం సంగతేమో గాని, నేను నమ్మేదాన్ని. బీయస్సీ కెమిస్ట్రీ పాసై టెక్కలిలో ఇంట్లో కూర్చున్న నాకు, పలాసలో ఒక కాంట్రాక్టు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. ఉద్దానం ఊళ్లకు మంచినీళ్లు శుభ్రం చేసి పంపే ప్లాంట్లు ఏడు ఆ ఆఫీసు కింద ఉండేవి. ఒక్కో ప్లాంటుకు ఒక ఆపరేటరు, ఒక రిజిస్టరు. మోటారు ఎన్ని గంటలు నడిచింది, నీళ్లు ఎంత మసకగా వచ్చాయి, శుభ్రం చేశాక క్లోరిన్ ఎంత మిగిలింది, ఇవన్నీ ఆపరేటరు ఏ రోజుకారోజు రాయాలి. నెలాఖరున జీపులో వచ్చే ఆ రిజిస్టర్లను సరిచూసి, కంప్యూటరులోకి ఎక్కించి, తేడా ఉన్నచోట ఎర్రగీత పెట్టి, సంతకం చేసి తిప్పి పంపడం నా పని. (నాకు అనుభవం లేదనడానికి వీల్లేదు. పన్నెండో ఏట నుంచీ మా చర్చిలో సండే స్కూలు హాజరుపట్టీ నా చేతిలోనే ఉండేది. పాస్టరుగారి సొంత కూతురికి కూడా ఆబ్సెంటు వేసిన చెయ్యి ఇది.)

మా ఆఫీసరుగారిని మేము చాటుగా పాయింటు సారు అనేవాళ్లం. పులిహోర ఎలా ఉంది సార్ అని అడిగినా, ఒక నిమిషం ఆలోచించి, "పదికి ఏడు పాయింటు అయిదు" అనేవారు. ఆయనకు నేనూ, నాకు ఆయనా బాగా నచ్చాం. మా ఇద్దరికీ కలిపి బాగా నచ్చిన మనిషి ముత్యాల మావయ్య. కొబ్బరితోటల మధ్య ప్లాంటులో ఆపరేటరు. ముత్యాల్లాంటి ఆయన అక్షరాలు చూసి నేను పెట్టుకున్న పేరది. ఆయన రిజిస్టరు తెరిస్తే శుభలేఖ చదువుతున్నట్టుండేది. రోజూ మోటారు ఎనిమిది గంటలు, రోజూ క్లోరిన్ సున్నా పాయింటు అయిదు. వానొచ్చినా, వరదొచ్చినా, ఊరంతా కరెంటు పోయినా సున్నా పాయింటు అయిదే. అది చూసి నేను మనిషి నిబద్ధత అనుకునేదాన్ని.

ఇక సముద్రం వైపు ప్లాంటులో ఉండే ఆపరేటరుకు నేను పెట్టుకున్న పేరు కోడిగీతల బాబాయి. ఆయన అంకెలు ఒకరోజు సున్నా, ఒకరోజు ఒకటిన్నర. పక్కన ఖాళీ ఉన్నచోటల్లా రాతలు. 'బ్లీచింగు పౌడరు తడిసిపోనాది. కొత్తది పంపండి.' 'వాన. నీళ్లు మసక. కాసుకొని తాగమని ఊర్లో సెప్పినాను.' 'మేనకోడలి పెళ్లి. పొద్దుట రీడింగు తీయనేదు.' మేనకోడలి పెళ్లిని ఏ గడిలో ఎక్కించాలో తెలియక నేను అరపూట కూర్చుండిపోయాను. చివరికి ఒక జూలై నెలలో, రెండు పేజీల రిపోర్టు టైపు చేశాను. 'కొబ్బరితోటల ప్లాంటు ఆపరేటరు ఆదర్శప్రాయుడు. సముద్రం వైపు ఆపరేటరు సమాచారంలో నిలకడ లేదు. అతనిని మార్చుట మంచిది.' మార్చుట అన్న మాట వాడినందుకు ఆ రోజంతా గర్వంగా ఉంది. పాయింటు సారు చదివి, బాబాయికి వెంటనే మెమో పంపించారు. సోమవారం నుంచి అక్కడ కొత్త మనిషిని వేస్తామన్నారు. "ఈలోగా ఆ ఆదర్శప్రాయుడి రిజిస్టరు తెండి, అందరికీ చూపిద్దాం" అన్నారు. నేనే వెళ్తానన్నాను.

శనివారం పొద్దున బస్సు దిగి, ఆటో ఎక్కి, కొబ్బరితోటల్లోకి వెళ్లేసరికి ముత్యాల మావయ్య లేడు. ప్లాంటు మెట్ల మీద ఆయన అత్తగారు జీడిపిక్కలు ఎండబెడుతోంది. ఆఫీసు నుంచి వచ్చానంటే ఎంతో ఆదరంగా గది తాళం తీసింది.

"పుస్తకం కావాలేటమ్మా? తీసికెళిపో. అల్లుడు ఈ నెలంతా రాసీసినాడు" అంది.

ఆ రోజు తేదీ పన్నెండు. రిజిస్టరులో ముప్ఫై ఒకటి దాకా ముత్యాలు పేర్చి ఉన్నాయి. రాబోయే పందొమ్మిది రోజులూ మోటారు ఎనిమిది గంటలు నడవబోతోంది. అలమరలో క్లోరిన్ పరీక్ష డబ్బా, నీళ్లలో మందు చుక్కలు వేసి పసుపు రంగు చూసే డబ్బా, కొన్ననాటి ప్లాస్టిక్ కవరుతోనే ఉంది. కుర్చీలో కూర్చుని పేజీలు వెనక్కి తిప్పాను. జూన్, మే, ఏప్రిల్, మార్చి. ఫిబ్రవరిలో ఆగిపోయాను. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, సున్నా పాయింటు అయిదు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది, సున్నా పాయింటు అయిదు. ఫిబ్రవరి ముప్ఫై, సున్నా పాయింటు అయిదు. దాని కింద ఎర్ర సిరాతో 'సరిచూడబడినది' అని రాసి, సంతకం. సంతకం నాది. (కంప్యూటరు కూడా ఏమీ అనలేదు. దానికి గడులు గీసిపెట్టింది నేనే కదా.)

ఈలోగా మావయ్య రొప్పుతూ వచ్చాడు. దొరికిపోయానని కాళ్లమీద పడతాడనుకున్నాను. పడలేదు.

"మరేటి సెయ్యమంటావు తల్లీ? మీరొచ్చిన కొత్తల్లో ఒక నెల నిజం రాసినాను. పదకొండు గీతలు పెట్టీసినారు. అప్పుట్నుంచి కుదురుగా రాత్తన్నాను. గీత నేదు. పౌడరు మాత్రం రోజూ ఏత్తన్నాను, ఒట్టు. ఎంతేత్తన్నానో అదే తెల్దు" అన్నాడు.

రిజిస్టరు చంకన పెట్టుకుని, మళ్లీ ఆటో ఎక్కి సముద్రం వైపు ప్లాంటుకు వెళ్లాను. అక్కడ మోకాళ్ల దాకా లుంగీ మడిచిన సన్నటి మనిషి ఫిల్టరు ఇసక కడుగుతున్నాడు. ఆయనే కోడిగీతల బాబాయి అని, గోడకు మేకు కొట్టి తగిలించిన మెమో చూసి తెలుసుకున్నాను. నన్ను చూసి గాజు గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. లేత పసుపు.

"సున్నా పాయింటు మూడు. నిన్న రెండే ఉంది" అని చెయ్యి తుడుచుకుని రాసుకున్నాడు. తర్వాత మెమో వైపు చూపించాడు. "ఆఫీసులో ఎవులో పాపట. నా అంకెలు కుదురుగా నేవట. నీళ్లు కుదురుగా ఉంటే గదమ్మా, అంకెలు కుదురుగా ఉండడానికి?"

"మరి పెళ్లిళ్ల సంగతులు కూడా ఎందుకు రాస్తారు బాబాయ్?" అన్నాను.

ఆయన గొట్టంలో నీళ్లు పారబోసి, వీధి వైపు చూపించాడు. "మా అన్న కిడ్నీలు పాడయి పోయినాడు. ఈ వీధిలో ఇంకో నలుగురు మంచాన ఉన్నారు. ఎందుకో ఎవులికీ తెల్దు. నీళ్లంటారు, కాదంటారు. రేపు ఏ పెద్ద డాక్టరో వొచ్చి, ఆ రోజుల్లో మీ నీళ్లు ఎలాగుండేవి అని అడిగితే ఏటి సెప్తాను? ఈ పుస్తకమే గదా సెప్పాల. అందులో అబద్ధం ఉంటే, ఆ డాక్టరు మాత్రం ఏటి సేత్తాడు?"

"ఆ ఆఫీసు పాపని నేనే బాబాయ్" అన్నాను. చంకలో రిజిస్టరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన కాసేపు నన్నూ, మెమోనూ మార్చి మార్చి చూసి, "అయితే టీ తాగుతావేటి?" అన్నాడు.

సోమవారం పాయింటు సారు బల్లమీద ఫిబ్రవరి పేజీ తెరిచి పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని ముప్ఫయ్యో తేదీ చదివారు.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"దాని కింద ఉన్నది?"

"మీది సార్."

తర్వాత ఆయన మెమో నకలు తీసి, దానిమీద 'రద్దు' అని రాశారు. మొదటిసారిగా ఆయన రాతలో ఎక్కడా పాయింటు లేదు. ముత్యాల మావయ్యను ప్లాంటు నుంచి తప్పించి, ట్యాంకుల మీద 'నీటిని వృథా చేయరాదు' అని రాసే పని ఇచ్చారు. ఆ అక్షరాలు చూడటానికి జనం ఆగేవారు. నన్ను మాత్రం వారానికి రెండు రోజులు ప్లాంట్లకు పోయి, కళ్లతో చూసి సరిచూడమన్నారు. వెళ్లాను. ఆటోలలో నడుం విరిగింది గాని, ఏడు రిజిస్టర్లలోనూ అంకెలు పైకీ కిందకీ పోవడం మొదలుపెట్టాయి.

ఆ నెలాఖరున బాబాయి రిజిస్టరు వచ్చింది. పన్నెండో తేదీ దగ్గర ఇలా ఉంది: 'శనివారం. క్లోరిన్ 0.3. ఆఫీసు పాప వొచ్చినాది. ఏడ్సినాది. టీ ఒక గ్లాసు తాగినాది.'

పాయింటు సారు అది చదివి, "ఏడిచారా?" అని అడిగారు. అవున్సార్ అన్నాను. ఆయన తలాడించి సంతకం చేశారు. లోకంలో తప్పులన్నీ తనే పట్టాలనుకున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్లను ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని తల నిమరాలనిపిస్తుంది. నిజానికి నేనా రోజు తాగింది రెండు గ్లాసులు. ఆ ఒక్క తప్పునూ చూసి చూడనట్టు వదిలేశాను.