వెనక సీటులో నేనూ కుక్కా

కుక్కని రాత్రంతా కారులో ఉంచొచ్చా అని ఎవరైనా అడిగితే, ఒకప్పుడు నేను పది నిమిషాలు ఏకబిగిన జవాబు చెప్పగలిగేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి. విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో పాతికేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి కాబట్టి, వేడి ఎన్ని రకాలుగా ప్రయాణిస్తుందో, అద్దం ఏ కిరణాల్ని లోపలికి రానిచ్చి వేటిని బయటికి పోనివ్వదో, అన్నీ ఆ జవాబులో ఉండేవి. సారాంశం మాత్రం ఒకటే. పగలు కూడదు, రాత్రి పరవాలేదు. ఎందుకంటే రాత్రిపూట సూర్యుడు ఉండడు. ఈ చివరి ముక్క చెప్పాక, సుద్దముక్క బల్ల మీద పెట్టేసినవాడిలా చేతులు దులుపుకునేవాణ్ణి.

మాది జాతికుక్క కాదు. మూడేళ్ళ కిందట ఒక వానాకాలం, మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, నా కారు కిందే తడిసి వణుకుతూ మా ఆవిడకి దొరికింది. పెంచడం నాకు ససేమిరా ఇష్టం లేదన్నాను. ఇంట్లో నా మాటకి ఎంత విలువ ఉందో అప్పటినుంచీ అది సోఫా మీద పడుకుని చూపిస్తోంది. గోధుమరంగు ఒళ్ళు, సగం మడిచినట్టుండే ఎడమ చెవి. కారంటే దానికి ప్రాణం. తాళంచెవి చప్పుడైతే చాలు, తినే అన్నం వదిలేసి గుమ్మం దగ్గర నిలబడుతుంది.

కారెక్కాక మాత్రం కుదురుగా ఉండేది కాదు. ముందు సీటులోకి దూకి నా ఒళ్ళో కూర్చునేది. అందుకని ముందు సీట్లకీ వెనక సీటుకీ మధ్య ఇనుప జాలీ బిగించాను. ఒకసారి బందరు రోడ్డులో సిగ్నల్ దగ్గర, వెనక తలుపు హ్యాండిల్ మీద కాలేసి తలుపు తెరిచేసింది. అందుకని రెండు వెనక తలుపులకీ చైల్డ్ లాక్ వేశాను. ఇక ఆ తలుపులు బయటినుంచి తీస్తేనే వస్తాయి, లోపలినుంచి రావు. రెండు పనులూ స్వయంగా, ఎంతో తెలివిగా చేశాను. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

కిందటి శ్రావణమాసంలో ఉయ్యూరు దగ్గర పల్లెలో మా బావమరిది గృహప్రవేశం. పాత ఇల్లు పడగొట్టి అదే స్థలంలో మేడ కట్టాడు. తెల్లవారుజామున నాలుగుంపావుకి ముహూర్తం. పాలు పొంగించాల్సింది ఆడపడుచు, అంటే మా ఆవిడ. కాబట్టి ముందురోజు సాయంత్రానికే వెళ్ళాం. కుక్కని చూసేవాళ్ళు ఎవరూ దొరక్క దాన్నీ తీసుకెళ్ళాం.

కారు దిగీ దిగగానే మా అత్తగారు ఎదురొచ్చారు.

"అల్లుడుగారూ, ఏవీ అనుకోకండి. ముందు ఆవు గడప తొక్కాలండి. అది తొక్కేదాకా కుక్క తొక్కకూడదు."

"అబ్బే, ఎందుకనుకుంటానండీ" అన్నాను, బాగా అనుకుంటూనే.

ఆ రాత్రికి చుట్టాలందరికీ పక్కింటివాళ్ళ హాల్లో పక్కలేశారు. అక్కడికి కుక్క కుదరదు. పెరట్లో వంటవాళ్ళు గుండిగలు దింపుకున్నారు, అక్కడా కుదరదు. వీధిలో కడదామంటే ఊళ్ళో కుక్కలన్నీ అప్పటికే మా కారు చుట్టూ సభ తీర్చాయి. అప్పుడు మా బావమరిది పాపం చాలా మర్యాదగానే ఒక మాట అన్నాడు.

"బావగారూ, మన గేదెల కొట్టంలో కట్టేద్దాం. గాలి బాగా వస్తదండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటల్లుడి కుక్కని గేదెల పక్కన కట్టడమా? నిజానికి ఆ కుక్కని నేను ఇంట్లో రోజూ తిట్టేవాణ్ణే. కానీ అత్తారి ఊళ్ళో అడుగు పెట్టేసరికి దానికీ అల్లుడి హోదాలో వాటా వచ్చేసింది. పెళ్ళయిన పాతికేళ్ళకి కూడా అలిగే హక్కు వదులుకోని అల్లుళ్ళు మా ప్రాంతంలో ఇంకా ఉన్నారు. నేను వాళ్ళలో ముందు వరసలో ఉంటాను. ఆ కొట్టంలో గేదెల కోసం ఫ్యాను కూడా తిరుగుతోందని తర్వాత తెలిసింది.

"అక్కర్లేదు. కారుంది కదా, అందులో పడుకుంటుంది" అన్నాను.

"రాత్రంతానా? ఈ ఉక్కలోనా?" అంది మా ఆవిడ.

అదే కావాలి నాకు. చుట్టాలందరి ముందూ పాఠం మొదలుపెట్టాను. కిరణాలు, అద్దం, సూర్యుడు లేకపోవడం. ఒక పెద్దాయన బుద్ధిగా తలూపుతూ విన్నాడు. ఆయనకి చెవుడని మా ఆవిడ తర్వాత చెప్పింది.

ఆ ధైర్యం నాకు ఒట్టి సిద్ధాంతం వల్ల వచ్చింది కాదు. నా దగ్గర రుజువు ఉంది. కాకపోతే బయటపెట్టే రుజువు కాదు. అంతకు ముందు కార్తీకంలో మా కాలేజీ సహోద్యోగి కూతురి పెళ్ళికి హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. మా ఆవిడ పుట్టింట్లో ఉంది, కుక్కని నాతోపాటు తీసుకెళ్ళాను. రాత్రి దిగిన లాడ్జిలో కుక్కలకి వీల్లేదన్నారు. వేలెడు సందు వదిలి కారు అద్దాలు ఎత్తేసి, దాన్ని వెనక సీటులో ఉంచి, గదికి వెళ్ళి ఏసీ వేసుకుని పడుకున్నాను. పొద్దున తలుపు తీస్తే తోక ఊపుకుంటూ మీదకి దూకింది. మా ఆవిడ ఫోన్ చేసి అడిగితే, లాడ్జివాళ్ళు మంచివాళ్ళు, గదిలోకి రానిచ్చారని చెప్పాను. అంతే. ప్రయోగం సఫలం, ఫలితం రహస్యం.

కాబట్టి ఉయ్యూరులో నా గొంతులో అంత నమ్మకం పలికింది. మా ఆవిడ చివరిదాకా విని, చుట్టాలందరికీ వినపడేలా ఒకే ఒక్క మాట అంది.

"అంత సుఖంగా ఉంటే మీరూ దాంతోపాటే పడుకోండి."

అందరూ నవ్వారు. చెవుడున్న పెద్దాయన కూడా నవ్వాడు. నాకు కోపం వస్తే ముందు చెవులు వేడెక్కుతాయి, తర్వాత బుద్ధి పనిచెయ్యడం మానేస్తుంది. దిండు తీసుకుని బయటికి నడిచాను.

కారు కాలవ గట్టు పక్కన ఖాళీస్థలంలో ఉంది. పెళ్ళినాటి అలకలాగా ఎవరైనా వచ్చి బతిమాలతారేమోనని కాసేపు బానెట్‌కి ఆనుకుని నిలబడ్డాను. ఎవరూ రాలేదు, దోమలు వచ్చాయి. అద్దాలు వేలెడు సందు వదిలి ఎత్తేశాను. జేబులో గుచ్చుకుంటాయని తాళంచెవీ ఫోనూ ముందు సీటులో పెట్టాను. కుక్కని వెనక ఎక్కించి, నేనూ ఎక్కి, తలుపు లాక్కున్నాను. ఆ కారు కొని ఆరేళ్ళయినా నేను వెనక సీటులో కూర్చోవడం అదే మొదటిసారి.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. అద్దాలకి లోపలివైపు తడి పట్టింది. కుక్క పడుకోలేదు. సీటు మీద నిలబడి, నాలుక బారెడు బయటపెట్టి రొప్పుతోంది. ఆ రొప్పూ, అవతల వంటవాళ్ళ జనరేటర్ మోతా తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఉక్కపోత రోజున చెమట ఎందుకు ఆరదో వివరింపుము. ఈ ప్రశ్న ఏటా పిల్లలకి నేనే ఇస్తాను. గాలిలో తేమ నిండిపోతే చెమట ఆవిరి కాదు, ఒళ్ళు చల్లబడదు అని రాస్తే పూర్తి మార్కులు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. అది నాలుక మీది తడి ఆవిరైతేనే చల్లబడాలి. నేనూ అదీ కలిసి ఊపిరి వదిలి వదిలి ఆ చిన్న పెట్టెని తేమతో నింపేశాం. దీనికి సూర్యుడితో పని లేదు. పాతికేళ్ళు చెప్పిన పాఠం నాకు అప్పటిగ్గానీ అర్థం కాలేదు.

పంతం చాలనుకుని తలుపు తీయబోయాను. రాలేదు. రెండో తలుపు తీయబోయాను. అదీ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది చైల్డ్ లాక్. అద్దం దించుదామంటే ముందు తాళంచెవి తిప్పితేగానీ బటన్ పనిచెయ్యదు. ముందుకి చెయ్యి చాపితే జాలీ తగిలింది. జాలీకి అవతల జానెడు దూరంలో తాళంచెవి, దాని పక్కన ఫోను. రెండూ మసకగా కనబడుతూనే ఉన్నాయి. జాలీని పట్టుకుని గుంజాను. నేను ఏ పనీ గట్టిగా చెయ్యనని మా ఆవిడ అంటూ ఉంటుంది. ఆ జాలీ మాత్రం చాలా గట్టిగా బిగించాను.

అరిచాను. వంటవాళ్ళ జనరేటర్ చప్పుడులో నా అరుపు నాకే సరిగా వినపడలేదు. పైగా ఏమని అరవాలి? సాయంత్రం సూర్యుడి గురించి చెప్పిన నోటితో, కాపాడండి అని అరవడానికి మనసొప్పలేదు. రెండు అరుపుల మధ్య కాసేపు పరువు గురించి ఆలోచించాను. అంతసేపూ కుక్క రొప్పుతూనే ఉంది. చావు నాకేమీ రాదు, వేలెడు సందు ఉంది. దీనికేమైనా అవుతుందా అన్నదే భయం. సందుకి దగ్గరగా దాని మూతి పెట్టాను. చొక్కా విప్పి దానికి గాలి విసిరాను.

చీకట్లో తలుపు మళ్ళీ తడుముతుంటే అద్దం కింద ప్లాస్టిక్ మీద గరుగ్గా ఏవో గీతలు తగిలాయి. ఒకటి కాదు, పక్కపక్కనే బోలెడు గీతలు.

ఆ గీతలు నాకు తెలుసు. వాటి గురించి ఒక మనిషిని తిట్టి ఉన్నాను. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన మూడోరోజు కారుని ఆటోనగర్‌లో సర్వీసుకి ఇచ్చాను. తిరిగి తెచ్చుకున్నాక చూస్తే వెనక తలుపుకి లోపల గీతలు, అద్దం పక్కన రబ్బరు చిరిగి ఉంది. మెకానిక్ మీద మండిపడ్డాను. పెద్దవయసు మనిషి, ఓపిగ్గా వంగి చూసి, "మా వాళ్ళ పని కాదు సార్. గోళ్ళతో గీరినట్టుందండి" అన్నాడు. నాకే చెబుతావా అని కేకలేశాను. ఆయన రబ్బరు కొత్తది వేసి పంపాడు.

సరిగ్గా అప్పుడే కుక్క ముందుకాళ్ళు ఎత్తి తలుపు మీద పెట్టి గీరడం మొదలుపెట్టింది. దాని గోళ్ళు ఆ పాత గీతల్లోనే పడుతున్నాయి.

అంటే ఆ కార్తీకం రాత్రి, నేను పైన ఏసీలో దుప్పటి కప్పుకుని పడుకుంటే, ఇది కింద ఇలా నిలబడి గీరింది. రబ్బరు కొరికింది. ఎంతసేపో తెలియదు. ఆ పని నేను ఇంకొకడి మీద వేశాను. పొద్దున అది తోక ఊపితే, సుఖంగా నిద్రపోయిందని రాసేసుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. యాభై రెండేళ్ళ అల్లుణ్ణి, బనీనుతో, కుక్క మెడ పట్టుకుని ఏడ్చాను. అది గీరడం ఆపి నా మొహం నాకింది. అంత దాహంలోనూ నాలుక మీది తడి నా మొహానికి ఖర్చు పెట్టింది.

మూడు గంటలకి తలంటుకుని, పట్టుచీర కట్టుకుని మా ఆవిడ వచ్చింది. "ఏవండీ, స్నానానికి లేవండి" అంటూ బయటినుంచి తలుపు తీసింది. నాకంటే ముందు కుక్క దూకి పరుగెత్తింది. గృహప్రవేశానికి తెచ్చిన ఆవుని అక్కడే స్తంభానికి కట్టి ఉంచారు. దాని ముందున్న బకెట్టులో మూతి పెట్టి గటగటా తాగింది. ఆవు ఏమీ అనలేదు. అది తాగాక మిగిలిన నీళ్ళు తను తాగింది. నాలుగుంపావుకి ఆ ఆవే మంగళవాయిద్యాలతో గడప తొక్కింది. మా అత్తగారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

పాలు పొంగాక మా ఆవిణ్ణి కాలవ గట్టుకి తీసుకెళ్ళి లాడ్జి సంగతి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పొద్దున మీరు తలుపు తీసినప్పుడు ఏం చేసింది?" అని అడిగింది.

"తోక ఊపింది."

ఆమె చీరకొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బావమరిదిని అడిగి స్పానరు తెప్పించుకున్నాను. జాలీ ఊడదీయడానికి గంట పట్టింది. ఆ తర్వాత ఆటోనగర్ మెకానిక్‌కి ఫోన్ చేశాను. "గోళ్ళేనండీ" అన్నాను. ఆయనకి ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, "పర్లేదు సార్. కుక్క బాగుందా?" అన్నాడు.

బయల్దేరే వేళకి కుక్క కొట్టంలో ఫ్యాను కింద పడుకుని ఉంది. పిలవడానికి మొహం చెల్లలేదు. వెనక తలుపు తీసి పక్కకి తప్పుకున్నాను. రాకపోతే ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకున్నాను. తలుపు చప్పుడు వినగానే అది లేచి, పరుగెత్తుకుంటూ వచ్చి, ఒక్క గెంతులో కారెక్కింది. ఆ గీతల పక్కనే ఒక చుట్టు తిరిగి కూర్చుని, ఇంకా ఎందుకు ఆలస్యం అన్నట్టు నా వైపు చూసింది.

నేనైతే ఎక్కేవాణ్ణి కాదు.