రెండోసారి అడగని ఇల్లు

పొద్దున మా అమ్మాయి నానిన బొరుగులతో ఉగ్గాని కలుపుతూ, "అమ్మా, బజ్జీలు కూడా ఎయ్యాల్నా?" అని అడిగింది. కర్నూలులో ఉంటూ, బజ్జీ లేని ఉగ్గాని గురించి ఆలోచించాల్సిందేముంది! జవాబు నాలో తయారుగానే ఉంది, నోటి దాకా రావడానికే మొరాయించింది. అమ్మాయి గరిటె పక్కన పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. మళ్ళీ అడగలేదు. మైదుకూరులో మా పుట్టింట్లో మా అమ్మ అచ్చం అలాగే నిలబడేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. నాయనను ఏదైనా అడిగితే రెండోసారి అడగకూడదు. నాయన బడిపంతులు. యాభై దాటాక ఆయన చేతులు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి, మాటలు మాత్రం నెమ్మదించాయి. అది వంశంలో దిగే జబ్బని డాక్టరు చెప్పాడు. ఒక ప్రొటీను వంకరగా తయారై మెదడులో పేరుకుంటుందట. తెలిసినవి చాలాకాలం తెలుస్తూనే ఉంటాయి కానీ, ఆలోచన మొదలవడానికీ వరసగా నడవడానికీ సమయం పడుతుందట. పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు అని కూడా అన్నాడు. అప్పుడు అమ్మ నా వైపు చూడకుండా కిటికీ వైపు చూసింది. ఇంటికొచ్చాక మాత్రం, "మళ్ళా అడగొద్దు పాపా. జవాబు దోవలో ఉండాది. ఇంకోసారి అడిగితే మొదట్నించి రావాల" అని చెప్పింది.

ఈ సంగతి ఊరికి తెలియదు. బోరు నీళ్ళ వంతు కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములిద్దరు ఒకరోజు తీర్పు చెప్పమని వచ్చారు. ఇద్దరూ చెప్పాల్సింది చెప్పారు. నాయన పలకలేదు. సారుకు కోపమొచ్చిందనుకుని పెద్దోడు, "సరేలే సారూ, ముందు తమ్ముడే చేనికి తడి పెట్టుకోనీ" అన్నాడు. నాయన పలకలేదు. చిన్నోడికి చెమటలు పట్టాయి. "వద్దులే సారూ, అన్నే పెట్టుకోనీ" అన్నాడు. ఇద్దరూ రాజీపడి, దండం పెట్టి వెళ్ళిపోయారు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక నాయన నోరు తెరిచి, "కూచోండప్పా, మజ్జిగ తాగుదురు" అన్నాడు. అమ్మా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. మా నవ్వు ఆగాక ఆయన నవ్వు వచ్చింది. దాన్ని చూసి మళ్ళీ నవ్వాం. ఆ దెబ్బతో నోరు తెరవకుండానే తగువు తీర్చే సారని పేరుపడి, మా అరుగు ఖాళీగా ఉండేది కాదు.

చివరి రోజుల్లో నాయన జవాబులు దోవలోనే ఆగిపోయేవి. అమ్మ మాత్రం ఎదురుచూడటం మానలేదు.

పోయిన నెల నా రక్తపరీక్ష ఫలితం వచ్చింది. నాకూ అదే వంకర ప్రొటీను. భయం వేసింది, ఇప్పటికీ వేస్తోంది. నా కోసం కంటే అమ్మాయి కోసం ఎక్కువ. కానీ ఈ పొద్దు, బాణలిలో నూనె కాగుతుంటే, అమ్మాయి కదలకుండా నిలబడే ఉంది.

"ఎయ్యి, నాకు నాలుగు" అన్నాను చివరికి.

"నాలుగా! ఇంతసేపూ లెక్క ఏస్తాండావా?" అని నవ్వింది.

నాయనకు మేము ఇవ్వగలిగింది కాసింత సమయమే. అది ఇప్పుడు నా కూతురి చేతుల మీదుగా నాకే తిరిగొస్తోంది.