ఎడమ చేతి పక్క సముద్రం

తడిసిన గోనెపట్టా వాసన తగిలితే నాకు సముద్రం గుర్తుకొస్తుంది. వినేవాళ్లకు విడ్డూరంగానే ఉంటుంది. ఈ రోజు పొద్దున కూడా అంతే. ఆటో సీట్లు తుడుద్దామని అర బకెట్టు నీళ్లలో గోనెపట్టా ముంచి పిండాను. మా ఊళ్లో ఎండాకాలం బండి కడగడమంటే అంతవరకే. పైపు పట్టి నీళ్లు కొడితే ఊరి ఆడవాళ్లంతా కలిసి నన్నే కడిగేస్తారు. దుమ్ము, నీళ్లు, జనపనార కలిసిన ఆ ముతక వాసన ముక్కుకు తగిలేసరికి చెయ్యి ఆగిపోయింది. నారాయణప్ప గుర్తొచ్చాడు. పని ఆపి కాసేపు ఆటో పక్కనే కూర్చున్నాను. ఫ్యాక్టరీకి పోయే ఆడపిల్లలు వచ్చి, "ఏమక్కా, టైము అవుతాంది, ఎవరికోసం చూస్తాండావు?" అని అడిగారు. ఎవరికోసమో చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

మాది సోమందేపల్లె పక్కన చిన్న ఊరు. ఇప్పుడు మా ఊరి ఆడవాళ్లను బట్టల ఫ్యాక్టరీకి నా ఆటోలో దించి వస్తాను గానీ, అంతకుముందు నేనూ ట్రాక్టరు వెనక ట్రాలీలో కూర్చొని చేలల్లో కూలికి పోయినదాన్నే. ఆ ట్రాక్టరు తోలేవాడు నారాయణప్ప. మడకశిర వైపు మనిషి, మాటల్లో కన్నడం కలిసేది. సన్నగా, కాస్త వంగి నడిచేవాడు. భుజాన తువ్వాలు, నోట్లో వక్క. పిల్లాపాపా లేరు. ఊళ్లో ఆయనకున్న పేరల్లా ఒక్కటే, బండి కడుగుతాడని. వేరే ట్రాక్టర్లలో పేడ ఎండిన రేకుల మీదే కూలోళ్లు కూర్చునేవాళ్లు. నారాయణప్ప మాత్రం తెల్లారగానే అర బకెట్టు నీళ్లు తెచ్చి, మొదట పొడి గోనెతో దుమ్ము దులిపి, తర్వాత తడి గోనెతో మూలమూలలా తుడిచి, అది ఆరాకే మమ్మల్ని ఎక్కించేవాడు. తాగడానికే నీళ్లు లేని ఏడు కూడా ఈ తుడుపు మానలేదు.

నేను మొదటి రోజు కూలికి పోయింది ఇంటరు తప్పిన ఏడాది. మా నాయనకు నడుం పడిపోయింది, ఇంట్లో తినడానికి లేదు, ఇక రెండోసారి పరీక్ష మాట ఎవరు ఎత్తుతారు? చర్చిలో నాతో కలిసి పాటలు పాడిన పిల్లలు కాలేజీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటారని, ఓణీ ముఖానికి చుట్టుకొని ట్రాలీలో అందరికీ వీపు పెట్టి, వెనక్కి తిరిగి కూర్చున్నాను. దారి వెంట ఏడుస్తూనే ఉన్నాను. ట్రాక్టరు చప్పుడులో ఎవరికీ వినిపించదనుకున్నాను. కాసేపటికి ఇంజిను నెమ్మదించింది. నారాయణప్ప తల వెనక్కి తిప్పి గట్టిగా అరిచాడు.

"ఏమ్మా రూతమ్మా! ఎనక్కి తిరిగి కూచుంటే దుమ్ము తప్ప ఏమి కనపడతాది? ముందుకు తిరుగు. సముద్రం వస్తాండాది."

ఆడవాళ్లందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ సముద్రం అనేసరికి ఎవరైనా తిరుగుతారు కదా, తిరిగాను. ఎదురుగా ఎప్పుడూ ఉండే ఎర్రనేలే ఉంది. దుక్కి దున్నిన చేను, చాళ్లు చాళ్లుగా, ఆకాశం అంచు దాకా. "ఎడమ చేతి పక్క చూడండమ్మా. అది సముద్రం. ఆ చాళ్లు ఉండాయి చూడు, అవే అలలు. విశాఖపట్నంలో ట్రాలీ బండి ఎక్కినోళ్లకు ఫస్టు ఇదే చూపిస్తారు," అన్నాడు.

నాకైతే అట్లా మొదలైంది. విశాఖపట్నంలో ట్రాలీ బండి దగ్గర పని చేశానని ఆయనే చెప్పాడు. పక్కలకు గోడలు లేకుండా, వరసగా బెంచీలు వేసి, రంగులు పూసిన బండి అట. ఊరు చూడడానికి వచ్చినవాళ్లను ఎక్కించుకొని సముద్రం ఒడ్డున తిప్పుతూ మైకులో ఒక్కొక్కటీ చూపిస్తారట. మరుసటి రోజు నుంచి నాకు దారంతా విశాఖపట్నం అయిపోయింది. రోడ్డు పక్క తుప్పు పట్టి నిలిచిపోయిన బోరు లారీ ఒకటి ఉండేది, అది సబ్‌మెరైను. సెల్లు టవరు లైట్‌హౌసు. కుడి చేతి పక్క పెనుకొండ కొండలు కైలాసగిరి. నన్ను టిక్కెట్లు చింపేదాన్ని చేశాడు. దారిలో కానుగ చెట్టు కింద బండి ఆపితే నేను దిగి ఆకులు కోసి, ఒక్కొక్కరికీ సగం చింపి ఇవ్వాలి. టిక్కెట్టు లేనివాళ్లు సముద్రం వైపు చూడకూడదని రూలు. ముఖానికి ఓణీ చుట్టుకొని టిక్కెట్లు ఇవ్వడం కుదరదు కదా, అది ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు.

మారెమ్మత్త ఒక్కతే టిక్కెట్టు తీసుకునేది కాదు. మా గుంపుకు పెద్ద ఆమె. నోరు తెరిస్తే కత్తి.

"ఏమప్పా నారాయణప్పా, బోరు లారీని చూపిచ్చి సబ్‌మెరైను అంటావు, మా చెవుల్లో పూలు పెడతాండావా? నువ్వు యాడ పని చేసినావో, ఏమి చేసినావో, ఎవురు చూసినారు?"

"నమ్మకపోతే పోయి చూసుకో అత్తా. ఎడమ చేతి పక్క ఉంటాది, యాడికీ పోదు," అనేవాడు ఆయన. మధ్యాహ్నం అన్నాలప్పుడు నన్ను సీటు మీద కూర్చోబెట్టి స్టీరింగు పట్టుకోవడం నేర్పించాడు. ఆడపిల్ల ట్రాక్టరు తోలడమేంటని మగవాళ్లు నవ్వితే, "విశాఖపట్నంలో ఆడోళ్లు మైకు పట్టుకోని బండిని అంతా ఏలతారు, మీకేమి తెలుసు?" అని నోరు మూయించేవాడు. విశాఖపట్నం పేరు చెబితే మారెమ్మత్త తప్ప ఎదురు చెప్పేవాళ్లు లేరు, ఎందుకంటే మాలో ఎవరూ చూడలేదు.

వాన బొత్తిగా రాని ఏడు ఒకటి వచ్చింది. వేరుశనగ విత్తనం వేయడానికే నేలలో పదును దొరకలేదు. మగవాళ్లు బెంగళూరు పనులకు పోయారు. ట్రాలీ ఖాళీగా పడి ఉంది. పొదుపు సంఘంలో ఊరికే కూర్చున్నప్పుడు ఎవరో అన్నారు, పనెట్లాగూ లేదు, ఒకసారి పోయి ఆ సముద్రమేదో చూసొద్దామని. నవ్వులాటగా మొదలై నిజమైంది. అయితే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా? కరువులో సముద్రమేమిటని ఒకరు, ఆ నారాయణప్ప కోతలు నమ్మి పోతారా అని ఇంకొకరు. నేను ఇల్లిల్లూ తిరిగాను. ఆయన చెప్పినవన్నీ అక్కడ ఉంటాయి, పూచీ నాది అని ప్రతి గడపలోనూ మాట ఇచ్చాను. మారెమ్మత్త కూడా వస్తానంది. "ఆయప్ప అబద్దాలు కండ్లారా చూడల్ల గదా," అని.

అందరికంటే వెనకాడింది నారాయణప్పే. "నేనెందుకులే రూతమ్మా, మీరు పోయి రాండి," అన్నాడు. మోకాళ్ల నొప్పులన్నాడు. ట్రాక్టరు ఎవరు చూసుకుంటారన్నాడు. మాట తప్పించి కానుగ చెట్టు వైపు చూశాడు. నాకు మొదటిసారి భయం వేసింది. ఇవన్నీ నిజంగా లేకపోతే? తిరిగి వచ్చాక ఏ ముఖం పెట్టుకొని ఈ ఇళ్ల ముందు నడుస్తాను? అంతకంటే, ఆయన్ను అబద్ధాలకోరని ఊరంతా అంటే నేను తట్టుకోగలనా? "నువ్వు రాకపోతే నేనూ పోను," అన్నాను. ఆయన చాలాసేపు వక్క నమిలి, సరే అన్నాడు.

జొన్నరొట్టెలు, శనగపొడి మూటలు కట్టుకొని ధర్మవరంలో రైలెక్కాం. విశాఖపట్నంలో దిగాక ఆ ఊరి ఉక్కకు సగం మంది సొమ్మసిల్లారు. అయినా ట్రాలీ బండి చూడగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. బండి నిజమే! గోడలు లేవు, బెంచీలున్నాయి, రంగులున్నాయి. నేను మారెమ్మత్త వైపు గర్వంగా చూశాను. ఆమె మూతి తిప్పుకుంది. ఎక్కబోతుంటే నారాయణప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండండమ్మా," అని భుజం మీది తువ్వాలు తీసి, వాటరు బాటిల్లో నీళ్లు కాసిని దాని మీద పోసి, బెంచీలన్నీ మొదట్నుంచి చివరిదాకా తుడిచాడు. మైకు పట్టుకొని నిలబడిన గైడు అమ్మాయి, "అయ్యో, మేము పొద్దున్నే కడిగించామండీ," అంటున్నా వినలేదు. చెయ్యి దానంతటదే పోతున్నట్టు ఉంది.

తర్వాత ఎడమ పక్క సీట్ల కోసం జరిగిన తోపులాట ఇప్పుడు తలచుకున్నా నవ్వొస్తుంది. సముద్రం ఎడమ చేతి పక్కనని మాకు ఏళ్ల తరబడి తెలుసు. ఒకరి ఒళ్లో ఒకరు ఇరుక్కొని అందరమూ ఎడమ వైపే కూర్చున్నాం. బండి ఒరిగిపోతుందని డ్రైవరు మొత్తుకున్నాడు. ఆలస్యంగా ఎక్కిన మారెమ్మత్తకు ఎవరూ చోటు ఇవ్వలేదు. తిట్టుకుంటూ కుడి వైపు ఒక్కతే కూర్చుంది. బండి కదిలింది, ఒక మలుపు తిరిగింది. మేమంతా చీర కొంగులు గాలికి ఎగరకుండా పట్టుకొని ఎడమ పక్కకు మెడలు చాచాం.

మేడలు. హోటళ్లు. ఒక ఐస్‌క్రీం అంగడి.

"యాడప్పా సముద్రం?" అని ఎవరో అడిగారు. అప్పుడు వెనక నుంచి మారెమ్మత్త గొంతు వినిపించింది. అది ఆమె గొంతులా లేదు.

"ఈడ... ఈడుండాది."

తిరిగి చూశాం. కుడి చేతి పక్క, ఆమె తల వెనక, కనుచూపు మేరా నీళ్లు. కదిలే నీళ్లు. అంత నీళ్లను ఒక్కచోట చూసి ఒకామె చెప్పులు విప్పి దండం పెట్టింది. కాసేపటికి అందరి చూపులూ నెమ్మదిగా నారాయణప్ప వైపు తిరిగాయి. ఆయన బండి మెట్టు దగ్గర తువ్వాలు చేతిలో నలుపుతూ నిలబడి ఉన్నాడు.

"నేను ఈ బండ్లు కడిగేవాన్నమ్మా," అన్నాడు. "ఎక్కింది ఈ పొద్దే. షెడ్డులో గైడు పాప మా ముందర నిలబడి పాఠం వల్లె వేసేది. ఇటు పక్క సముద్రం అని ఎడమ చెయ్యి చాపేది. ఆమె మాకు ఎదురుగా తిరిగి ఉండాదని నాకు తోచలా. ఒక దినమన్నా ఎక్కియ్యండప్పా అంటే, సీటు ఖాళీ ఉన్నప్పుడు చూస్తామనేవాళ్లు. ఖాళీ ఎప్పుడూ రాలా."

"మరి మాకు ఎందుకు చెప్పితివి ఇదంతా?" అన్నాను.

ఆయన నా వైపు చూడకుండా జవాబిచ్చాడు. "ఆ దినం నువ్వు ఎనక్కి తిరుక్కోని ఏడుస్తాంటివి గదా. ఏదన్నా చూపియ్యల్లని అనిపిచ్చె. నా దగ్గర ఇదొక్కటే ఉన్యాది."

నేను వచ్చిన రోజే ఆయన ఆ మాటలు మొదలుపెట్టాడని నాకప్పటిదాకా తెలియదు. ఎప్పటినుంచో సాగుతున్న ఆటలో నేను చేరాననుకున్నాను. పాతవాళ్ల ముఖాలు చూస్తే అర్థమైంది, అది నాతోనే మొదలైందని వాళ్లకు ముందే తెలుసు. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి ఎవరికీ వీపు పెట్టలేదు.

గైడు అమ్మాయి ఏం చేయాలో తెలియక మైకు దించేసింది. అందరం మారెమ్మత్త వైపు చూశాం. ఇన్నేళ్లుగా ఆమె కాచుకొని ఉన్న రోజు ఇదే కదా. ఆమె నారాయణప్పను కిందికీ పైకీ చూసింది.

"ఎడమైతే ఏమి, కుడైతే ఏమి? సముద్రమైతే ఉండాది గదా," అంది. తన పక్కన ఖాళీ బెంచీని చేత్తో తట్టింది. "రాప్పా, కూచో. సీటు ఖాళీగానే ఉండాది."

ఆయన వచ్చి అంచున కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, చివరిదాకా సముద్రం వైపే చూశాడు. సబ్‌మెరైను వచ్చింది, లైట్‌హౌసు వచ్చింది, కైలాసగిరి ఎడమ పక్కన వచ్చింది. అన్నీ చెప్పినవే, పక్కలు మాత్రం తారుమారు.

ఊరికి వచ్చాక కూడా ఆయన "ఎడమ చేతి పక్క చూడండమ్మా" అనే అనేవాడు. మేము అందరం కుడి పక్కకు తిరిగేవాళ్లం. మమ్మల్ని చూసి ఊరి పిల్లలకూ అదే ఆటైంది. మారెమ్మత్త ఆ రోజు నుంచి టిక్కెట్టు అడిగి తీసుకునేది. ఆయన నిద్రలోనే పోయినప్పుడు ఆయన్ను తీసుకుపోయింది కూడా ఆ ట్రాలీలోనే. తోలింది నేను. ముందుగా అర బకెట్టు నీళ్లు తెచ్చి, పొడి గోనెతో ఒకసారి, తడి గోనెతో ఒకసారి తుడిచాను. మారెమ్మత్త వచ్చి ఆయన చేతిలో కానుగాకు పెట్టింది. దాన్ని చింపలేదు.

ఇవన్నీ ఆలోచిస్తూనే ఈ రోజు సీట్లు తుడవడం ముగించాను. ఫ్యాక్టరీ పిల్లలు ఎక్కారు. కొత్తగా చేరిన పిల్ల ఒకతి, డిగ్రీ ఆగిపోయిందట, చున్నీ ముఖానికి చుట్టుకొని వెనక్కి తిరిగి కూర్చుంది. హైవే ఎక్కాక అద్దంలో చూశాను. భుజాలు కదులుతున్నాయి. బోరు లారీని ఎప్పుడో తూకానికి అమ్మేశారు గానీ, చేను అక్కడే ఉంది.

"పాపా," అన్నాను గట్టిగా, "ముందుకు తిరుగు. ఎడమ చేతి పక్క సముద్రం వస్తాండాది."

మిగతావాళ్లందరూ కుడి పక్కకు తిరిగారు.