నాలుగో బంతి దగ్గర చెయ్యి

ఒక చెయ్యి గురించి చెప్పాలి మీకు. మణికట్టు దాకా నీళ్ళలోంచి పైకి లేచి, అరచెయ్యి నా వైపు తిప్పి, కదలకుండా నిలబడే చెయ్యి. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు అదే. ఒక్క చెయ్యి అంత బరువుంటుందా అంటారేమో. ఉంటుందండీ. అన్నం సయించనివ్వదు, కంటి మీద కునుకు పడనివ్వదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదు, ఆయనకు తెలిసే ఉంటుందిలే అని తప్పించుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్తున్నాను. మధ్యలో లేచి వెళ్ళిపోకండి.

వన్ టౌన్‌లో మాకు చేనేత బట్టల హోల్‌సేల్ కొట్టుంది. పొద్దున్నే కొట్టు తెరిచేలోపు కృష్ణలో స్కీయింగ్ చేసొస్తానంటే మా ఇంట్లోవాళ్ళు నవ్వేవాళ్ళు. "నీళ్ళ మీద జారుడేంట్రా, నీ మొహం!" అనేవాళ్ళు. బ్యారేజీకి ఎగువన, లంకల చాటున, ఆ వేళకి నీళ్ళు అలికిన అరుగులా నున్నగా ఉంటాయి. అక్కడ గుప్పెడు మందిమి కలిసి ఒక పాత మోటారు బోటు పెట్టుకున్నాం. బోటు వెనక తాడు పట్టుకోవాలి. స్కీ అనే ఒక్క పొడవాటి పలక మీదే రెండు పాదాలూ ముందొకటి, వెనకొకటి బిగించుకోవాలి. నీళ్ళలో ఇటొకటి, అటొకటి కట్టిన ఆరు ఎర్ర బంతుల చుట్టూ కోసుకుంటూ పోవాలి. స్లాలం అంటారు దాన్ని. ఆరూ తిరిగితే తాడు ఇంకాస్త కురచ చేస్తారు, మళ్ళీ తిరగాలి. తాడు కురచయ్యే కొద్దీ ఒళ్ళంతా నీళ్ళ మీదకి వాల్చేస్తే తప్ప బంతి అందదు. భలే పిచ్చి లెండి. పట్టుకుంటే వదలదు.

బోటు నడిపేది రంగారావు బాబాయి. ఆయన మాలో అందరికీ బాబాయే. బోటు బంతుల నడిమధ్యన గీత గీసినట్టు పోవాలి కాబట్టి నడిపేవాడు వెనక్కి చూడకూడదు. అందుకని పక్కన ఒకడు వెనక్కి తిరిగి కూర్చుంటాడు. స్పాటర్ అంటాం. వాడి పని చూడటం, అంతే. తాడు మీదున్న మనిషి మీంచి చూపు తియ్యకూడదు. పడ్డవాడు పైకి తేలగానే ఒక చెయ్యెత్తాలి. నాకేం కాలేదని దానర్థం. చెయ్యెత్తితే బాబాయి తొందరపడడు. చివరిదాకా పోయి, పెద్ద చుట్టు చుట్టి, మెల్లగా వస్తాడు. ఎక్కడపడితే అక్కడ తిప్పితే అలలు లేచి నీళ్ళు చెడిపోతాయి, అవి సర్దుకునేదాకా ఎవరికీ ఆట ఉండదు. చెయ్యెత్తకపోతే మాత్రం ఆటా లేదు, గీటా లేదు, అక్కడికక్కడే తిప్పేస్తాడు. ఎత్తాడా లేదా అన్నది బాబాయి స్పాటర్‌నే అడుగుతాడు. ఇది మా కట్టుబాటు.

మాలో అందరికంటే మంచి ఆటగాడు శామ్. శామ్యూల్. స్కూల్లో డ్రిల్లు మాస్టారు. బట్టల కొట్టు వాణ్ణని నన్ను సేటూ అని పిలిచేవాడు. "ఏం సేటూ, ఇవాళన్నా నాలుగోది దాటతావా, మళ్ళీ నీళ్ళు తాగొస్తావా?" అని ఏడిపించేవాడు. మూడు బంతుల దాకా నేను బాగానే పోయేవాణ్ణి. నాలుగోది లంక వైపు ఉంటుంది. అక్కడికొచ్చేసరికి తాడు వదులై, ఒక్క గుంజు గుంజి నన్ను బొక్కబోర్లా పడేసేది. "చూపు బంతి మీద కాదురా, బంతి అవతల పెట్టు. తొందరపడి నువ్వు తిరక్కు, స్కీయే తిరుగుతుంది," అని శామ్ ఓపిగ్గా చెప్పేవాడు. ప్రేమగానే చెప్పేవాడు. అదే నాకు మండేది.

ఆ పొద్దున తాడు నా జన్మలో నేను అందుకోలేనంత కురచకి తెచ్చాం. శామ్ తాడు మీద ఉన్నాడు. నేను స్పాటర్‌ని. పల్చగా మంచు పట్టి ఉంది. ఒకటి తిరిగాడు. రెండు తిరిగాడు. మూడోది మరీ అందంగా తిరిగాడు. ఇప్పుడు నాలుగోది కూడా తిరిగేస్తాడు. ఒడ్డున జెట్టీ మీదున్న మావాళ్ళు ఈలలేస్తారు. నేను చప్పట్లు కొట్టాలి. చూడలేకపోయాను. అంతేనండీ. కునికిపాటు కాదు, ఫోన్ కాదు, కంట్లో నలుసు కాదు. ఓర్వలేక తల తిప్పుకున్నాను. అవతలి గట్టు మీద రెల్లుగడ్డిని చూస్తూ కూర్చున్నాను.

బోటు ఉన్నట్టుండి తేలికైంది. తాడు మీద మనిషి పోతే బోటు ముందుకు తూలుతుంది, కూర్చున్నవాడికి నడుములో తెలుస్తుంది. తిరిగి చూసేసరికి తాడు చివర ఖాళీ హ్యాండిల్ నీళ్ళ మీద ఎగిరెగిరి పడుతూ వస్తోంది. వెనకంతా మంచు. నాలుగో బంతి ఊగుతోంది. శామ్ కనపడలేదు.

"చెయ్యెత్తాడా?" అన్నాడు బాబాయి, ముందుకే చూస్తూ.

"ఎత్తాడు బాబాయ్," అన్నాను.

ఎందుకన్నాను? శామ్ ఎప్పుడూ ఎత్తుతాడు కదా, ఈసారీ ఎత్తే ఉంటాడని అనుకున్నానా? అలా అనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఉత్తమాట. చూడలేదు అంటే, ఏం చేస్తున్నావ్ మరి అంటాడు బాబాయి. ఆ క్షణంలో నాకు శామ్ గుర్తే లేడు, నా పరువే గుర్తుంది. బాబాయి చివరిదాకా పోయి, పెద్ద చుట్టు చుట్టి, మెల్లగా వచ్చాడు. అప్పటికి శామ్ బోర్లా తేలుతున్నాడు. పడేటప్పుడు స్కీ తలకు తగిలింది. మేం వేసుకునేవి పల్చటి లైఫ్ జాకెట్లు. అవి మనిషిని తేలుస్తాయి గాని, స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా తిప్పవు. ఒడ్డుకు చేర్చాం, ఆస్పత్రికి పరిగెత్తాం. కాస్త ముందు నీళ్ళలోంచి తీసి ఉంటే, అని డాక్టరు సగంలో ఆపేశాడు.

ఆ తర్వాత బాబాయి కనపడ్డవాళ్ళందర్నీ ఒకటే అడిగేవాడు. "చెయ్యెత్తాడయ్యా! చెయ్యెత్తినోడు ఎట్టా పోతాడు?" దానికి జనమే జవాబు వెతుక్కున్నారు. నాలుగో బంతి కింద ఏదో ఉందన్నారు. పైకి తేలినవాణ్ణి మళ్ళీ లోపలికి లాగేసిందన్నారు. చేపలవాళ్ళు అక్కడ వల వెయ్యడం మానేశారు. మా ఆటవాళ్ళు బోటులో ఆ బంతి పక్కగా పోయేటప్పుడల్లా శామ్ గుర్తుగా ఒక చెయ్యెత్తడం మొదలుపెట్టారు. కొత్తగా చేరినవాళ్ళూ ఎత్తుతారు. నేనూ ఎత్తేవాణ్ణి. ఎత్తక చస్తానా?

శామ్ భార్య సునీత గారు ఏటా ఇంట్లో శామ్ జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెట్టేవారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టేవారు. పాటలయ్యాక లేచి సాక్ష్యం చెప్పేవారు. "ఆ ఆఖరి గడియలో కూడా నా భర్త ప్రభువు వైపే చెయ్యెత్తాడండి. అన్నయ్య గారు కళ్ళారా చూశారు." అందరూ నా వైపు తిరిగేవాళ్ళు. నేను తల ఊపేవాణ్ణి. ఆ మాటే పట్టుకుని ఆవిడ నిలబడ్డారు, అప్పటికి చంటిపిల్లగా ఉన్న కూతురు గ్రేస్‌ని పెంచుకొచ్చారు. ఆ మాటని లాగేసుకునే ధైర్యం నాకెక్కడిది? చూశారా, ఇక్కడ కూడా నేను దయగలవాణ్ణి అనిపించుకోవాలనే చూస్తున్నాను. దయ కాదు. భయం.

చెయ్యి ముందు నది మీదే కనపడింది. మంచు పట్టిన పొద్దున, నాలుగో బంతికి కాస్త ఇవతల. చుట్టూ నీళ్ళు కదల్లేదు. పిలవలేదు, ఊగలేదు. నాకేం కాలేదు అన్నట్టు నిలబడింది, అంతే. పక్కనున్నవాళ్ళెవరికీ కనపడలేదు. ఆ తర్వాత వసూళ్ళకని కంకిపాడు పోతుంటే, రోడ్డు పక్కన బందరు కాలవలో కనపడింది. కాలవ నీళ్ళు వాటి మానాన అవి పోతున్నాయి. చెయ్యి మాత్రం నా కారుతో సమానంగా వస్తోంది. కారు ఆపాను, అదీ ఆగింది. కృష్ణ నీళ్ళేగా, బ్యారేజీ దగ్గర వదిలితే డెల్టా అంతా పారతాయి. హనుమాన్ జంక్షన్ వైపు పొలాల్లో, దమ్ము చేసిన మడిలో కూడా ఒకసారి చూశాను. మడిలో నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. మణికట్టు కిందది ఎక్కడ ఉందో మరి.

ఒక సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆ చేతికి గ్లౌజు లేదు. శామ్ గ్లౌజుల్లేకుండా తాడు పట్టేవాడు కాదు, మేమెవరం పట్టం, అరచేతులు కొట్టుకుపోతాయి. అంటే అది శామ్ చెయ్యి కాదు. ఆ పొద్దున బాబాయికి చెప్పడానికి నేను కల్పించిన చెయ్యి. కల్పించేటప్పుడు గ్లౌజు సంగతి మర్చిపోయాను. అది అర్థమైన రోజు కొట్టు తాళమే తియ్యలేదు.

గ్రేస్ పెద్దదైంది. డిగ్రీ చదువుతోంది. నాన్న ఆట నేర్చుకుంటానని పట్టుబట్టింది. సునీత గారు వద్దంటారని ఆశపడ్డాను. "మీరు చూస్తుంటే నాకు భయం లేదన్నయ్య గారూ," అన్నారావిడ. శామ్ నాకు చెప్పిన మాటలే ఆ పిల్లకు చెప్పాను. చూపు బంతి అవతల పెట్టమ్మా, స్కీయే తిరుగుతుంది అని. దానికి తండ్రి ఒడుపే వచ్చింది. ఎప్పుడు తాడు పట్టినా, స్పాటర్ నేనే. కళ్ళు మండినా రెప్ప వాల్చేవాణ్ణి కాదు.

మొన్నీమధ్య ఒక చలి పొద్దున, గ్రేస్ నాలుగో బంతి దగ్గర పడింది. తాడు గుంజింది, స్కీ ముక్కు నీళ్ళలో గుచ్చుకుంది, పిల్ల గిరాటు వేసినట్టు పడింది. మొత్తం చూశాను. నీళ్ళు సర్దుకున్నాయి. చెయ్యి లేచింది.

"చెయ్యెత్తిందా?" అన్నాడు బాబాయి. అదే గొంతు. ముసలిదైంది, అంతే.

నా కళ్ళకు స్పష్టంగా కనపడుతోందండీ. అరచెయ్యి నా వైపే ఉంది. ఎత్తింది అంటే ఈసారి అబద్ధం కూడా కాదు. మాట నాలిక చివరిదాకా వచ్చింది. అప్పుడు చూశాను, గ్లౌజు లేదు. గ్రేస్‌కి ఎర్ర గ్లౌజులు నేనే కొనిచ్చాను.

"లేదు! తిప్పు బాబాయ్, ఇక్కడే తిప్పు!" అని అరిచాను.

బోటు ఒరిగిపోయేలా తిప్పాడు. గ్రేస్ బోర్లా ఉంది, చేతులు రెండూ నీళ్ళ కిందే ఉన్నాయి. దూకాను. తిప్పి మొహం పైకెత్తాను. దగ్గింది. నీళ్ళు కక్కింది. బతికింది. బోటులోకి లాగి, తువ్వాలు కప్పి, ఒళ్ళో పట్టుకున్నట్టే కూర్చున్నాను. బాబాయి ఏడుస్తూ జెట్టీ వైపు పోనిచ్చాడు. కాసేపటికి దానికి ఊపిరి కుదుటపడింది.

"నేను చెయ్యెత్తలేదని చెప్పారు. అందుకే టయానికి వచ్చారు కదా అంకుల్?"

"అవునమ్మా."

"మరి నాన్న ఎత్తాడు కదా. ఎత్తి ఎట్టా పోయాడు?"

బాబాయి వీపు బిగుసుకుంది. ఇన్నేళ్ళుగా ఆయన ఊరంతా అడిగిన ప్రశ్న. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

"నేను చూడలేదమ్మా," అన్నాను. "ఓర్వలేక మొహం తిప్పుకుని ఉన్నాను. చూడకుండానే ఎత్తాడని చెప్పాను."

గ్రేస్ ఏడవలేదు. తిట్టలేదు. నేను కప్పిన తువ్వాలు తీసి, మడిచి, మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టింది. అంత చలిలో.

నాలుగో బంతి పక్కగా పోతున్నాం. బాబాయి చెయ్యి అలవాటుగా లేచింది. సగంలో ఆగి, కిందికి దిగింది. గ్రేస్ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నా చేతులూ అంతే. నీళ్ళ వైపు చూశాను. నీళ్ళే ఉన్నాయి.

"అమ్మకి మీరు చెప్తారా, నేను చెప్పాలా?" అంది గ్రేస్. ఆ తర్వాత ఇవాళ్టి వరకు నాతో మాట్లాడలేదు. బాబాయి ఫోన్ ఎత్తడం లేదు.

నేనే చెప్తానన్నాను. రేపు ఆదివారం. చర్చిలో ఆరాధన అయ్యాక సునీత గారింటికి వెళ్ళాలి. ఆవిడ "రండి అన్నయ్య గారూ" అని కుర్చీ వేస్తారు. అక్కడ నోరు పెగలదేమోనని ముందు మీతో చెప్పి చూశాను. ఆవిడ క్షమించరు. క్షమించమని అడగను కూడా. ఆవిడ దగ్గర ఆ చెయ్యి తప్ప ఇంకేమీ లేదు, దాన్నే తీసుకోవడానికి వెళ్తున్నాను. మీతో చెప్తుంటే మాత్రం, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, ఇన్నేళ్ళ తర్వాత నాకు ఊపిరి బాగా అందుతోంది. ఏం చెప్పాలో కూడా కుదిరింది. శామ్ చెయ్యెత్తాడో లేదో నాకు తెలియదండీ. నేను చూడలేదు.