విజిల్ వెయ్యని కుక్కర్

మొన్న శనివారం మా అమ్మాయిని పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే నా స్నేహితురాలి దగ్గర వదిలి ఇండియన్ స్టోర్‌కి వెళ్లాను. దేశంకాని దేశంలో, ఈ ఇర్వింగ్‌లో కరివేపాకు కావాలన్నా హైవే ఎక్కాల్సిందే. తిరిగొచ్చేసరికి పిల్ల వేలికి ఐస్ ముక్క పెట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. "నీ కూతురు మా స్టవ్ దగ్గర కుర్చీ వేసుకుని ఎక్కిందే! కుక్కర్ వెయిట్‌ని స్పూన్‌తో ఎత్తబోయి వేలు కాల్చుకుంది. ఎందుకమ్మా అంటే, విజిల్ వస్తే ఎవరో భయపడతారంట. ఎవరంటే తెలీదంట," అంది స్నేహితురాలు. పిల్లకి ఏడేళ్లు. వాళ్ల తాతయ్యను కళ్లతో చూడను కూడా లేదు. కరివేపాకు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను.

మా నాన్న యుద్ధం చూసి వచ్చిన మిలిటరీ మనిషి. మా ఇంట్లో కుక్కర్ ఉండేది గానీ విజిల్ వేసేది కాదు. అది బుసకొట్టడం మొదలుపెట్టగానే అమ్మ ఎక్కడున్నా వచ్చేసి, అట్లకాడ కొసతో వెయిట్‌ని కాస్త ఎత్తి పట్టుకునేది. కిటికీలోంచి పడే ఎండలో ఆ ఆవిరి మెలికలు తిరుగుతూ పైకి పోతుంటే, ఇంగువ వాసనకి నాకు కూర్చున్నచోటే కళ్లు మూతలు పడేవి. అందరిళ్లలోనూ ఇంతేననుకునేదాన్ని. మా పప్పు పంటికి తగులుతుందని చుట్టాలు వెక్కిరిస్తే, అమ్మ నవ్వి ఇంకో చెంచా నెయ్యి వేసేది.

ఒకసారి పిన్ని వచ్చింది. సంగతి తెలియక కుక్కర్ పెట్టేసి, పెరట్లో అమ్మతో కబుర్లలో పడింది. నేను వసారాలో మంచం మీద నాన్న పక్కన చేరి, ఆయన చదువుతున్న పేపర్లో బొమ్మలు చూస్తున్నాను. విజిల్ కూసింది. మరుక్షణం నేను మంచం కింద ఉన్నాను, నా మీద నాన్న ఉన్నారు. ఆయన గుండె నా చెవిలోనే దడదడా కొట్టుకుంటోంది. కాసేపటికి లేచి, లుంగీ దులుపుకుని, "పేపర్ ఎగిరిపోతుంటే పట్టుకుందామని వంగాను," అన్నారు. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. అయినా అందరం సరేనన్నాం. తర్వాత అమ్మ నన్ను దగ్గరకు తీసుకుని, "బాంబులు పడేముందు అలాగే కూసేవంట అమ్మలూ. నాన్నతో అనకు," అంది. నాన్న పోయేదాకా అనలేదు. అట్లకాడ మాత్రం నా చేతికొచ్చింది.

"ఇక్కడెవరున్నారని నీకీ కాపలా?" అని మా ఆయన ఆటపట్టిస్తుంటాడు. పప్పు రుచి బాగుంటుందని బుకాయిస్తాను. బుస వినపడితే సగం ఇర్వింగ్‌లోనూ సగం ఆ వంటింట్లోనూ ఉంటాను, ఏం చెప్పను? పిల్లకి చెప్పకపోతే దానికి అంటదనుకున్నాను. బిగుసుకున్న నా భుజాలు చూసి నేర్చుకుందన్నమాట. కాలిన ఆ చిట్టి వేలు చూస్తే ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు మధ్యాహ్నం కుక్కర్ పెట్టి, అట్లకాడ సింక్‌లో పడేసి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. తాతయ్య సంగతి, మంచం సంగతి, పేపర్ సంగతి అన్నీ చెప్పాను. ఈలోగా బుస మొదలైంది. పిల్ల దిగబోయింది. గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మా, వచ్చేస్తుంది! స్టాప్ చెయ్యవా?"

"చెయ్యను."

"నువ్వు స్కేర్డ్ ఆ?"

"అవును, నాకే భయం," అన్నాను. పైకి అనడం అదే మొదటిసారి.

విజిల్ ఇల్లంతా మోగింది. నా గుండె దడ పిల్ల వీపుకి తెలిసే ఉంటుంది. ఆవిరి సర్దుకున్నాక పిల్ల వెనక్కి తిరిగి నా మొహం చూసి, "అంతే, అమ్మా. అయిపోయింది," అంది.

నాన్న యుద్ధం ఎప్పుడో ముగిసింది. ఆ కబురు మా వంటింటికి చేరడానికే ఇన్నేళ్లు పట్టింది.